గెడ్డకి సుందరీకరణ ప్లాన్ వచ్చింది, అందులో అన్నీ ఉన్నాయి నీళ్లు తప్ప

బలగ_బాలు
మొన్న వార్డు మీటింగుకి వెళ్లాను. శ్రీకాకుళంలో మా పేట వెనక నుంచి పోయి నాగావళిలో కలిసే గెడ్డని, అంటే చిన్న వాగుని, బాగుచేస్తారంట. ఓ కన్సల్టెంట్ కుర్రాడు తెర మీద బొమ్మలు చూపించాడు. రెండు గట్ల మీదా టైల్స్, స్టీలు రెయిలింగు, రంగు లైట్లు, ఫుడ్ కోర్టు, పిల్లలకి పెడల్ బోటు, మధ్యలో నీలంగా నీళ్లు. లేచి ఒక్కటే అడిగాను, ఆ నీలం నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి బాబూ అని. "అది కాన్సెప్ట్ అండీ" అన్నాడు.

వానలు వెళ్లిపోయాక మా గెడ్డలో పారేది మా అందరి ఇళ్ల మురుగే. అది ఆ గదిలో అందరికీ తెలుసు, బొమ్మలో మాత్రం లేదు. ఇంకో సంగతి, ప్లాన్ మెయిన్ రోడ్డు కల్వర్టు దగ్గర మొదలై ఏటి దగ్గర ఆగిపోయింది. కల్వర్టుకి పైన గెడ్డ ఎటు నుంచి వస్తుందో మ్యాపులో తెల్లగా వదిలేశారు. అభ్యంతరాలు, సూచనలు మంగళవారంలోగా రాసి ఇమ్మన్నారు. ఏం రాయాలి? తెలిసినోళ్లు చెప్పండి.

సిక్కోలు_సత్తి
"ఐ లవ్" అని ఎర్ర గుండెకాయ బోర్డు ఉందా లేదా? అది లేకపోతే శాంక్షన్ అవదు.

బలగ_బాలు
ఉంది. మొదటి స్లైడులోనే.

సిక్కోలు_సత్తి
అయితే పని అయిపోయినట్టే. బోటు ఎక్కినోళ్లకి ముక్కుకి పెట్టుకునే క్లిప్పు ఫ్రీగా ఇమ్మని రాయండి.

ఏటిగట్టు
ఇక్కడ అందరికీ వెటకారమే. ఇన్నేళ్లకి ఒకడు ఏదో చేస్తానని వచ్చాడు. లైట్లు, దారి పడితే కనీసం రాత్రిళ్లు చెత్త మూటలు విసిరేవాళ్లు తగ్గుతారు. మీలాంటోళ్లు అడ్డం పడితే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది, మనం మళ్లీ ముక్కు మూసుకుని కూర్చుంటాం. నన్నడిగితే అసలు ఆ బొమ్మలు కూడా వద్దు, గెడ్డ మీద పొడుగునా స్లాబు వేసేయండి. కంపు ఉండదు, దోమ ఉండదు, పైన రోడ్డు వస్తుంది. ఏడు రోడ్ల జంక్షన్ వైపు ట్రాఫిక్ కూడా తగ్గుతుంది.

సివిల్_బుర్ర
స్లాబు మాటకి ముందు లెక్క చూద్దాం, కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు.

పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని డిజైన్లలో తీసుకుంటారు. గెడ్డలోకి 1000 ఇళ్ల కాలవలు కలుస్తున్నాయనుకోండి, ఇంటికి నలుగురు. రోజుకి 4 లక్షల 32 వేల లీటర్లు, అంటే సెకనుకి సరిగ్గా 5 లీటర్లు. ఎండాకాలం గెడ్డంటే అంతే, ఓ చిన్న మోటారు పోసే నీరు.

ఇప్పుడు వాన. గెడ్డకి నీరు దించే ప్రాంతం ఒక్క చదరపు కిలోమీటరే అనుకుందాం. గంటలో 50 మిల్లీమీటర్లు కురిసి, ఊరంతా సిమెంటు కాబట్టి 70 శాతం జారిపోతే, సెకనుకి 9,700 లీటర్ల పైచిలుకు. దాదాపు 2 వేల రెట్లు! మీరు స్లాబు కింద పెట్టే పెట్టె లాంటి కాలవ ఏ నీటికి కడతారు? పెద్దదానికి కడితే మిగతా ఎనిమిది నెలలు ఆ 5 లీటర్లు అడుగున పాకుతూ బురద పేరుస్తాయి. చిన్నదానికి కడితే మొదటి తుపానుకే నీరు మీ హాల్లో ఉంటుంది.

పెట్టెలో పేరిన బురద తీసేదెవరు? మూసిన కాలవలో విషవాయువు ఉంటుంది. 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించడం నేరం. యంత్రం దిగాలంటే స్లాబు పగలగొట్టాలి. మూశాక ఎవరూ తియ్యరు, అదీ జరిగేది.

ఏటిగట్టు
లెక్క బాగానే ఉంది గానీ పెద్ద పెద్ద నగరాల్లో అన్నీ మూసే ఉన్నాయి కదా.

సివిల్_బుర్ర
మూసి మళ్లీ తెరుచుకున్నవీ ఉన్నాయి. సియోల్‌లో చియోంగ్యెచియోన్ అనే గెడ్డని 1958 నుంచి కప్పుకుంటూ పోయి దాని మీద ఎత్తైన హైవే కూడా కట్టారు. 2003లో ఆ హైవేని కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబరులో దాదాపు 5.8 కిలోమీటర్ల గెడ్డని తిరిగి తెరిచారు. మన కన్సల్టెంట్ బొమ్మలు అక్కణ్ణుంచి వచ్చినవే అయ్యుంటాయి.

బలగ_బాలు
అవును, ఆ పేరు నోటికి రాక "కొరియా మోడల్" అన్నాడు. అక్కడ నీళ్లు ఎలా వచ్చాయి మరి?

సివిల్_బుర్ర
పంపులతో. హాన్ నది నుంచి తోడింది, మెట్రో సొరంగాల్లో ఊరే నీరు, కలిపి రోజుకి లక్షా 20 వేల టన్నులు పోస్తారు. కరెంటు బిల్లు జీవితాంతం. మనకి వీధి లైటు పోతే నెల.

సిక్కోలు_సత్తి
నెలా? మీ వీధి వీఐపీ వీధిలా ఉంది.

సింగపూర్_వెల్డర్
నేను షిప్‌యార్డులో పని చేస్తూ ఇక్కడే ఉంటున్నాను, ఆదివారం బిషన్ పార్కుకి పోతుంటాం మనోళ్లందరం. అక్కడ కల్లాంగ్ అని నది, ఒకప్పుడు తిన్నటి కాంక్రీటు కాలవ, 2.7 కిలోమీటర్లు. ఆ కాంక్రీటు పగలగొట్టి, వంకర్లు తిప్పి, ఒడ్డుకి రాళ్లు, కొమ్మల కట్టలు, వేర్లు బాగా పట్టే మొక్కలు పెట్టి 3 కిలోమీటర్ల పైచిలుకు ఏరు చేసేశారు. 2012లో తెరిచారు. గట్టు గోడలా నిటారుగా ఉండదు, వాలుగా పచ్చగడ్డి. మామూలు రోజు పిల్లలు పాదాలు తడుపుకుంటారు. వాన ముదిరితే సైరన్ మోగుతుంది, అందరూ పైకి వచ్చేస్తారు, పార్కులో సగం ఏరు అయిపోతుంది. వాన వెలిశాక నీరు దిగిపోతుంది.

అంటే వాన నీటికి చోటు ముందే వదిలారు. మన బొమ్మలో ఆ చోటులో ఫుడ్ కోర్టు ఉంది. ఇంకోటి, వీళ్ల మురుగు ఒక్క చుక్క ఆ కాలవలోకి రాదు, దానికి గొట్టాలు వేరే. అది మర్చిపోయి పార్కు ఒక్కటే కాపీ కొడితే ఫొటో వస్తుంది, కంపు ఉండిపోతుంది.

అరుగుమీద_అమ్మాజీ
మీ సియోల్లు, సింగపూర్లు నాకు తెలీదు. మా అత్తగారికి బోదకాలు. ఆ కాలు రోజూ కడిగి, తుడిచి, మందు రాసేది నేను. మన జిల్లాలో ఇది ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. ఏఎన్‌ఎం చెప్పిన మాటే చెప్తున్నా, బోదకాలు దోమ క్యూలెక్స్, మురికి నిలవ నీట్లోనే గుడ్లు పెడుతుంది, రాత్రి పూట కుడుతుంది. కాబట్టి గెడ్డ అంటే అందం సంగతి కాదు మాకు. ఏటిగట్టు గారూ, స్లాబు వేస్తే దోమ పోదు, పలకల సందుల్లోంచి వస్తుంది. లోపల చీకటి, మురికి, కదలని నీరు, దోమకి అంతకన్నా ఏం కావాలి?

సూచనల్లో మొదటి మాటగా ఇదే రాయండి. నీరు ఆగకూడదు. తర్వాత మీ టైల్స్ ఏ రంగైనా వేసుకోండి.

సివిల్_బుర్ర
అమ్మాజీ గారి మాటకి చిన్న తోక. మురికి పోగానే దోమ పోతుందని కాదు. డెంగీ దోమ శుభ్రమైన నిలవ నీట్లో పెరుగుతుంది. ఆ బొమ్మలోని ఫౌంటెన్లు పాడైపోతే (ఎలాగూ పాడైపోతాయి) అవి దాని తొట్లు.

సిక్కోలు_సత్తి
అంటే గెడ్డలో బోదకాలు, ఫౌంటెన్‌లో డెంగీ. ఫుడ్ కోర్టులో ఏముందో కూడా చెప్పేస్తే సరిపోతుంది.

చేపలబుట్ట
మా అమ్మ ఆ కల్వర్టు పక్కనే చేపలు అమ్ముతుంది, నా పుట్టుక ముందు నుంచి. బాలు గారు చెప్పిన మీటింగుకి మాలో ఎవర్నీ పిలవలేదు. బొమ్మలో కల్వర్టు దగ్గర గొడుగుల కింద కాఫీ తాగుతున్నారంట కదా, ఆ గొడుగులున్న చోటే మా బుట్టలుంటాయి. నేను డిగ్రీ చదివింది ఆ బుట్ట మీద. చేప కడిగిన నీళ్లు మేమూ గెడ్డలోనే పోస్తున్నాం, అది కాదనను. కుళాయి, సిమెంటు గట్టు, నీళ్లు పోయే గొట్టం ఇచ్చి చూడండి, ఎందుకు పోస్తాం?

పనికెళ్లిన_పైడయ్య
చేపలబుట్ట చెప్పింది చూసి రాస్తున్నా. నేను తాపీ పనికి అహ్మదాబాద్‌లో చాన్నాళ్లున్నాను. సబర్మతి ఒడ్డు ఇప్పుడు చూస్తే కళ్లు చెదురుతాయి, రెండు వైపులా కలిపి 20 కిలోమీటర్ల పైన గట్టు. కానీ ఆ గట్టు కోసం ఒడ్డున గుడిసెల్లో ఉన్న పది వేలకు పైగా కుటుంబాలని లేపారు. కోర్టుకి పోయాకే చాలామందికి ఇళ్లు వచ్చాయి. అవీ ఊరి అంచున. నాతో పనిచేసినావిడకి ఒడ్డున ఉన్నప్పుడు నడిచి వెళ్లే ఇళ్లల్లో పాచిపని, ఇల్లు వచ్చాక ఆ పని పోయింది, బస్సు డబ్బులకే సరిపోవట్లేదని మానేసింది.

మంచి కూడా చెప్పాలి. అక్కడ ఎల్లిస్ బ్రిడ్జి కింద ఆదివారం సంత ఉండేది, గుజ్రీ బజార్ అంటారు. దాన్ని పీకెయ్యకుండా కొట్లాడుకుంటే కొత్త గట్టు మీదే చోటిచ్చారు, అరుగులు కట్టి. అంటే అడిగినోళ్లకి దొరికింది. ఇంకా ఆ నదిలో కనిపించే నీరు కూడా సొంతం కాదు, నర్మద కాలవ నుంచి వదులుతారు.

సివిల్_బుర్ర
చేపలబుట్టా, 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే చేసి, టౌన్ వెండింగ్ కమిటీలో పెట్టి, నోటీసు ఇవ్వకుండా లేపడానికి లేదు. ఆ కమిటీలో మీ తరఫు మనుషులు కనీసం 40 శాతం ఉండాలి. మీ అమ్మగారికి వెండింగ్ కార్డు ఉందా?

చేపలబుట్ట
ఒకసారి ఫొటో తీసుకుని వెళ్లారు. కార్డు రాలేదు.

సివిల్_బుర్ర
అదే రాయండి. కార్డులిచ్చాకే డిజైన్ అని.

విజీనగరం_వాసు
మా ఊళ్లో పెద్ద చెరువు చూసి నేర్చుకోండి. పైడితల్లమ్మ ఆ చెరువులోనే దొరికిందని మా నమ్మకం, సిరిమాను జాతర అయ్యాక తెప్పోత్సవం అందులోనే. అమ్మవారి చెరువనే భయం ఉంది కాబట్టి ఇప్పటికీ చెరువుగా మిగిలింది. మీరు కూడా గెడ్డ గట్టున ఓ గుడి కట్టండి, ఒక్కడూ చెత్త వెయ్యడు.

సిక్కోలు_సత్తి
గుడి కడితే చెత్త వెయ్యరు, కొబ్బరి చిప్పలు, పూలదండలు, ఫొటో ఫ్రేములు వేస్తారు. మా ఏటి ఒడ్డున కోటేశ్వరుడి కోవెల దగ్గర నిమజ్జనం మర్నాడు వచ్చి చూడండి వాసు గారూ. మీ ఊళ్లోనే ఇంకో చెరువు, అయ్యకోనేరు గురించి అడగమంటారా?

విజీనగరం_వాసు
అయ్యకోనేరు జోలికి రావద్దు.

గొలుసు_పాత_సర్వే
సర్వే శాఖలో రిటైరయ్యాను. మీరంతా నీళ్లు, దోమలు అంటున్నారు, అసలు గెడ్డ ఎంత వెడల్పు? ఎవరూ అడగలేదు. ప్లాన్‌లో రాసిన వెడల్పు ఇప్పుడు కళ్లకి కనిపించేది. రికార్డులో ఉన్నది వేరే.

మన వైపు చాలా ఊళ్లు జమీందారీ ఎస్టేట్లు. 1948 రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వే, సెటిల్‌మెంటు రికార్డులు తీయించండి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల వారీ కొలతల పుస్తకం) కాపీకి అర్జీ పెట్టండి, గెడ్డకి సొంత సర్వే నంబరు ఉంటే "గెడ్డ పోరంబోకు" అని ఉంటుంది, ప్రతి మలుపు దగ్గరా కొలతలు ఉంటాయి. కొన్ని చోట్ల సొంత నంబరు ఉండదు, పట్టా పొలంలోంచి వంకర గీతలా పోతుంది. గొడవలన్నీ అక్కడే. నంబరు ఉన్న ముక్క 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

కట్టడాల దూరం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168లో 10 మీటర్ల కంటే వెడల్పైన నాలా, వాగు అయితే హద్దు నుంచి 9 మీటర్లు వదలాలని, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లని ఉండేది. చూశారా మెలిక? గెడ్డ 12 మీటర్లని రికార్డులో ఉండి, మట్టి పోసి 8 చేసేస్తే, 8కి ప్లాన్ గీస్తే, ఆ లెక్కన వదలాల్సిన చోటు 9 నుంచి 2కి పడిపోతుంది. అందుకే ముందు కొలత, తర్వాత బొమ్మ.

ఏటిగట్టు
ఇదిగో ఇక్కడికే వస్తారని నాకు తెలుసు. కొలవడం అంటే మా ఇళ్లు కూల్చడమే కదా. హైదరాబాద్‌లో హైడ్రా చూళ్లేదా?

సిక్కోలు_సత్తి
ఓహో. స్లాబు మీద అంత ప్రేమ ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

ఏటిగట్టు
అవునండీ, మా ప్రహరీ గెడ్డ గట్టు మీదే ఉంది. మా నాన్న దొంగతనంగా కట్టలేదు. డబ్బిచ్చి కొన్నాడు, రిజిస్ట్రేషన్ అయింది, ప్లాన్ అప్రూవల్ ఉంది, ఇంటి పన్ను, కుళాయి పన్ను కడుతున్నాం, బ్యాంకు లోను కూడా ఇచ్చింది. ఇంతమంది ముద్రలు వేశాక ఇప్పుడు గెడ్డ ఆక్రమణ అంటే తప్పు నాదొక్కడిదా? 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానుకి మోకాలి లోతు నీట్లో మా అమ్మని మంచంతో సహా మేడ మీదికి మోసుకెళ్లింది నేను, సత్తి గారు కాదు.

మోడరేటర్
వ్యక్తిగతంగా వద్దు. సత్తి గారూ, ఒక గంట టీ తాగి రండి.

గొలుసు_పాత_సర్వే
ఏటిగట్టు బాబూ, కోపం వద్దు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కు వచ్చేసినట్టు కాదు, అమ్మినవాడికి ఉన్నంతే మీకు వస్తుంది. అది చేదు నిజం. కానీ పట్టా భూమిలోకి గెడ్డ జరిగిందా, గెడ్డలోకి పట్టా జరిగిందా అనేది కొలిస్తేనే తెలుస్తుంది. గెడ్డలు దారి మార్చుకుంటాయి, నా సర్వీసులో చాలా చూశాను. మీది నిజంగా పట్టా అయి, ప్రాజెక్టుకి కావాల్సి వస్తే, 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం అడగొచ్చు. కొలవకపోతే మాత్రం రేపు ఎవడో జేసీబీ డ్రైవరు కళ్లతోనే హద్దు పెడతాడు.

అరుగుమీద_అమ్మాజీ
గులాబ్ అప్పుడు మా ఇంట్లోకీ వచ్చింది నీరు, మేము గెడ్డకి రెండు వీధుల అవతల. పై నుంచి కాదు, ఏటి వైపు నుంచి వచ్చింది. అదెలా?

సివిల్_బుర్ర
నాగావళి మట్టం గెడ్డ మూతి కంటే పైకి లేస్తే గెడ్డ నీరు కలవడానికి చోటుండదు, ఏటి నీరే వెనక్కి తంతుంది. మూతి దగ్గర షట్టరు పెట్టాలి, ఏరు పొంగినప్పుడు మూసుకునేది. షట్టరు మూశాక లోపల పడే వాన ఎక్కడికి పోవాలి? దానికి పంపులైనా ఉండాలి, ఖాళీగా వదిలిన పల్లపు జాగా అయినా ఉండాలి. ప్లాన్‌లో ఆ పల్లపు జాగాలో ఏముంది బాలు?

బలగ_బాలు
పార్కింగు.

మదుంకాడ_నాని
కల్వర్టుకి పైన తెల్లగా వదిలేశారన్నారే, ఆ తెల్లటి చోటు మా ఊరు. ఇప్పుడు కార్పొరేషన్‌లో కలిపేశారు గానీ అప్పట్లో పంచాయతీ. గెడ్డ మొదలయ్యేది మా చెరువు నుంచి. పై చెరువు నిండితే మా చెరువులోకి, మాది నిండితే మిగులు నీరు గెడ్డలోకి. చెప్పొచ్చేదేంటంటే చెరువు ఉన్నన్నాళ్లు సంక్రాంతి దాటాక కూడా గెడ్డలో సన్నగా ఊట ఉండేది. చెరువు అడుగు నుంచి ఊరేది. చాకిరేవు కూడా ఉండేది కల్వర్టుకి పైన.

తర్వాత పై చెరువు గర్భంలోకి లేఅవుటు రోడ్డు వచ్చింది. నీరొచ్చే దారి మూసుకుపోయింది. మా చెరువు ఇప్పుడు గుర్రపుడెక్క తప్ప ఏమీ కాదు. వాన పడితే నీరు ఆగే చోటు లేక ఒక్కసారే గెడ్డలోకి దూకుతుంది, వాన పోతే చుక్క లేదు. సివిల్_బుర్ర గారి 5 లీటర్లు, 9,700 లీటర్ల లెక్క నాకు కొత్తగా అనిపించలేదు, ఆ రెండింటి మధ్యలో ఉండాల్సింది మా చెరువు. దాన్ని తవ్వి, పై చెరువు దారి తెరిస్తే మీ నీలం నీళ్లకి పంపులు అక్కర్లేదు. బోటు తిరగదు, ఆ మాట ముందే చెప్తున్నా. పాదం తడుస్తుంది.

సింగపూర్_వెల్డర్
నాని చెప్పిందే అసలు సంగతి. ప్లాన్ తలకిందులుగా ఉంది, కొన దగ్గర మొదలుపెట్టారు.

సివిల్_బుర్ర
ఒప్పుకుంటా, కానీ చెరువు తవ్వినంత మాత్రాన మురుగు ఆగదు. నాని ఊట నీరు 1000 ఇళ్ల సెప్టిక్ ట్యాంకు గొట్టాల్లో కలిస్తే అదీ మురుగే. గట్టు వెంబడి ఒక గొట్టం వేసి ఇళ్ల కాలవలన్నీ దాంట్లోకి మళ్లించాలి, కింద శుద్ధి కేంద్రం. స్నానానికి పనికొచ్చే నీటికి బీఓడీ (నీట్లో కుళ్లే మలినం ఎంతుందో చెప్పే కొలత) లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు, పచ్చి మురుగులో అది వందల్లో ఉంటుంది. చోటు తక్కువైతే రాళ్లు, కంకర, తుంగ మొక్కల మడుల్లోంచి పారించి శుభ్రం చేసే పద్ధతులున్నాయి, కరెంటు ఖర్చు తక్కువ. పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ 2.0 పథకంలో మురుగుకీ, చెరువుల పునరుద్ధరణకీ రెంటికీ నిధుల వీలు పెట్టారు, కాబట్టి డబ్బు పక్క ఊరికి పోతుందన్న భయం అక్కర్లేదు ఏటిగట్టు గారూ, పద్దు మారుతుంది అంతే.

ఏటిగట్టు
సరే, మురుగు గొట్టం వెయ్యాలంటే కూడా గట్టు మీద చోటు కావాలిగా. మళ్లీ మా గోడ దగ్గరికే వస్తుంది. నేను కొలతకి ఒప్పుకుంటాను. కానీ కొలిచేటప్పుడు ఇంటివాళ్లకి ముందు నోటీసు, మా సమక్షంలో రాళ్లు పాతడం, పోయే ఇళ్లకి ఊళ్లోనే ప్రత్యామ్నాయం. ఇవి రాస్తేనే సంతకం.

సిక్కోలు_సత్తి
టీ అయిపోయింది. ఏటిగట్టు గారూ, మంచం సంగతి తెలీక అన్నాను, వదిలేయండి. మీ లైను మీరే రాయండి, మేము కత్తిరించం.

అరుగుమీద_అమ్మాజీ
చేపలబుట్ట వాళ్ల కార్డుల మాట, దోమ మాట మర్చిపోవద్దు. మొత్తం అర్జీ రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు.

బలగ_బాలు
రాస్తున్నా. పైన చెరువుల దగ్గర మొదలుపెట్టమని, రికార్డు ప్రకారం కొలవమని, మురుగు గొట్టం పడేవరకు టైల్స్ పని టెండరు పిలవొద్దని, మూతి దగ్గర షట్టరూ పార్కింగు చోట నీటి జాగా అడుగుతూ, మార్కెట్ వాళ్లని కూర్చోబెట్టి మళ్లీ మీటింగు పెట్టమని. ఏటిగట్టు గారి లైను రాత్రికి పంపమనండి. ఫుడ్ కోర్టు వద్దని రాయాలా?

సిక్కోలు_సత్తి
వద్దని రాయకండి, చేపలబుట్ట వాళ్లమ్మ చేతి వేపుడు పెట్టమని రాయండి.

చేపలబుట్ట
అమ్మకి చదివి వినిపించా. కుళాయి ముందు అంది.

గొలుసు_పాత_సర్వే
బాలూ, అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లు. ఎఫ్‌ఎంబీ అర్జీ వేరే కాగితం మీద, దీంతో కలపకు. లోపల టేబుల్ మీద పెట్టి వెళ్లమంటారు, వెళ్లకు. రెండో కాపీ మీద తేదీ ముద్ర, సంతకం పడేదాకా అక్కడే నిలబడు.